మూడో నంబరు ముక్క

దాల్కావే దీవిరేవులో వాన ఆగిందని ఎవరూ అనరు,
కాస్త తెరిపిచ్చిందంటారు.
అలాంటి తెరిపిలో వచ్చింది ఒతీలియా బర్రియా
పాత కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని.
"ఇలాంటివి ఎనిమిదుండేవి. ఇప్పుడు ఏడు.
ఎనిమిదోది చెయ్యి, ఎలుతేరియో.
కొత్తదని ఎవరూ కనిపెట్టకూడదు."

కుర్చీ మా మామకి మూడు రోజుల పని.
రంగు దగ్గరే చిక్కొచ్చి పడింది.

ఆ కుర్చీ కోతలో మిగిలిన చెక్కనే
జానెడేసి ముక్కలు చేశాడు.
"కుర్చీని ఎంత నునుపు చేశావో వీటినీ అంతే చెయ్యి.
గరుగ్గా వదిలేస్తే గుటకలేసి తాగుతుంది,
మరీ రుద్దితే మూతి ముడుచుకుంటుంది."
వెనకవైపు పెన్సిలుతో నంబర్లు వేశాను.
ఒకటి, అక్రోటు తొక్కల కషాయం.
రెండు, అదే కషాయం ఇంకో పూత.
మూడోదానికి చిక్కటి టీ, అది ఆరాక
తుప్పు మేకులు వారం నానిన వెనిగర్.
నాలుగోది నా నిర్వాకం: గుడ్డ పిండడం మరిచాను.

తడి మీద అన్నీ అచ్చం పాత కుర్చీయే!
చప్పట్లు కొట్టబోయాను.
మామ దీపం ఆర్పేశాడు.
"తడి మీద ఏ చెక్కయినా పెళ్ళికూతురే.
తెల్లారి చూద్దాం."

తెల్లారి
ఒకటి పాలిపోయింది, రెండు ఎర్రబారింది,
మూడు, బూడిదలో పొర్లిన పిల్లి.
సగం సగం వార్నిష్ పూసి చూశాం.
పిల్లి పిల్లిలాగే ఉంది.
మామ దాన్ని పక్కన పడేశాడు.
వెళ్ళేటప్పుడు ఎందుకో
నేనే కోటు జేబులో వేసుకున్నాను.

"కొట్లో వెలుగు కొట్టుది.
ఆవిడ వంటింటి వెలుగు వేరు" అన్నాడు, వానలో నడుస్తూ.

ఆ వంటింట్లో సముద్రం వైపు ఒక్కటే కిటికీ,
పొగచూరిన బల్బు,
కట్టెల పొయ్యి చుట్టూ ఏడు కుర్చీలు.
ముక్కలన్నీ ఒక కుర్చీ మీద పరిచాం.
ఒకటి కాదు. రెండు కాదు.
నాలుగోదాన్ని చూసి ఒతీలియా నవ్వింది.
మూడోది ఏదీ?
జేబు తడుముకున్నాను, నేల మీద వెతికాను.
మామ కుర్చీ మీద వేలు జరుపుతూ పోతే
అంచు తగిలింది.
మా కళ్ళెదుటే ఉంది.

"ఎనిమిదోది ఏమైంది?" అనడిగాను.
ఆవిడ పొయ్యి తలుపు తెరిచింది.
"ఆ యేడు పొడికట్టె దొరకలేదు."
అని ఒకటో నంబరు లోపలికి తోసింది,
వెనకే రెండు.
నాలుగోదాన్ని నేను లాక్కున్నాను.
ఇక మూడోదాని కోసం చెయ్యి చాచి
ఎక్కడుందో కనబడక
అలాగే ఆగింది.