సున్నా సర్వర్లు

సంతోష్‌నగర్ చౌరస్తాల, చెప్పుల దుకాణం మీద
పది కంప్యూటర్ల మా నెట్ సెంటరు.
గంటకు పదిహేను రూపాయలు. ఏసీ ఉన్నదని బోర్డు.
ఏసీ లేదు.
రాత్రి తొమ్మిది దాటినంక పోరగాండ్లొస్తరు,
చెవులకు డొప్పలు పెట్టుకొని
తుపాకులు పట్టుకొని లోకమంత తిరుగనీకి.

ఆ శుక్రవారం ఏడో నంబరు కాడ కూసున్న కౌశిక్
"అన్నా, లిస్టు ఖాళీ" అన్నడు.
మొన్నటిదాంక వేలకు వేల సర్వర్లుండే,
ఇప్పుడా నల్ల డబ్బాల ఒక్కటి లేదు.
రిఫ్రెష్ కొడితే
చిన్న చక్రమొకటి గిర్రున తిరిగి
సున్నా అని రాసి ఊకుంటది.

కేబులు గుంజి, ఊది, మళ్ల పెట్టిన.
రౌటరును చంటిపిల్లలెక్క పండబెట్టి లేపిన.
ఫైర్‌వాలు ఆపిన, భయమైతే మళ్ల పెట్టిన.
కంపెనీకి ఫోన్ చేస్తే ఆయనెవరో
"మీ దిక్కు వానా సార్?" అన్నడు.
ఆకాశంల మబ్బు తునక లేదు.

సెట్టింగులల్ల కనెక్షన్ రేటు అని ఒకటుంటది.
దాన్ని అన్నిటికంటె పైకి గుంజి పెట్టింది నేనే,
కొత్త ప్లాను తీస్కున్న సంబురంల.
పైసలు కట్టినం, జోరుగ అడగొద్దా?

అప్పుడొచ్చింది అండాలక్క
బిడ్డ హాల్ టికెట్ ప్రింటుకు,
టిమ్ము మిషను డిపోల అప్పజెప్పి, ఖాకీ కోటు మీదనే.
ప్రింటరు గుర్రుగుర్రుమంటుంటె మా గోస చూసి
"ఏమడుగుతున్నవ్‌రా దాన్ని?" అన్నది.
చెప్పిన. ఒక్క బటన్ నొక్కితె
లోకంల ఉన్న సర్వర్లన్నిట్ని అడుగుతదక్కా,
ఉన్నవా, ఎంత దూరమున్నవ్, నీ కాడ ఎంతమందున్నరు అని.
"అన్నిట్ని ఒక్కసారేనా?"
ఒక్కసారే.

నవ్వింది. పొద్దంత నిలబడ్డ మనిషి నవ్వు.
"యాభై సీట్ల బండిల నూటపదిమంది ఎక్కిన్రనుకో,
టికెట్ టికెట్ అని నేను అందరి మీద ఒర్లితె
నూటపది చేతులు నా మొఖం మీదికొస్తయ్.
ఎవని నోటు ఎవనిదో,
చిల్లరంత కాళ్ల కింద.
వాళ్లు ఇయ్యక కాదు బిడ్డా,
పట్టుకుందామంటె నాకున్నయి రెండు చేతులు."

రౌటరు దిక్కు చూసిన.
నాలుగు పచ్చ కండ్లు,
ఎనిమిదొందల రూపాయల పానం.
ఉన్న, ఉన్న, ఉన్న అనుకుంట వేలమంది
దాని గడప మీద పడి తొక్కులాడుకుంటుంటె
ఇవతల మాకు కనబడ్డది సున్నా.

రేటు తగ్గించిన. ఇంకింత తగ్గించిన.
"మోడెమా? అది మా తాత కాలందన్నా"
కౌశిక్ నోరు చప్పరించిండు.
తాత కాలందే పెట్టిన.

ఒకటి.
ఆగింది.
మూడు. సింగపూరు, నూట నలభై మిల్లీసెకండ్లు.
ఏ దేశం అక్షరాలో, తలకిందులున్నట్టున్నయి.
పదకొండు.
తీరువాటంగ వస్తున్నయి,
వాకిట్ల కాళ్లు కడుక్కొని
లోపలికొచ్చే చుట్టాలలెక్క.

నూట నాలుగోదాని పింగు తొమ్మిది.
అంత దగ్గర ఎవడున్నడ్రా?
మొఘల్‌పురా మైదాన్ అని పేరు.
ఆడెటోళ్లు పదహారుకు ఒక్కడు.

కౌశిక్ దూరిండు.
ఇసుక బస్తాల ఎనుక ఒకడు నిలబడున్నడు.
కాల్చలే. వీడు గూడ కాల్చలే.
"మహీనా అయ్యింది భాయ్ పెట్టి,
నువ్వే మొదలు వచ్చింది"
ఇంగ్లీషు అక్షరాలల్ల మెల్లగ టైపు కొట్టిండు.

నెల దినాలు.
మేమేమో రోజు ఇంత గట్టిగ అడుగుతుంటిమి.

"తిన్నడో లేదో అడుగు పిల్లగాన్ని" అన్నది అండాలక్క,
హాల్ టికెట్ నాలుగు మడతలు పెట్టుకుంట.
కౌశిక్‌కు సిగ్గయింది.
మీ దిక్కు కరెంటున్నదా అని కొట్టిండు.
ఉన్నదంట.

ప్రింటుకు ఐదు రూపాయలు.
అక్క సరిగ్గ చిల్లరిచ్చింది.