సొంతవాక్యం

కంపెనీ నియమావళి, పదకొండో పేజీ.
తన సంతకంతో తనకే మేలు చేసుకునేవాడి గుణాన్ని
తెలుగులో ఒక్క మాటలో చెప్పమన్నారు.
అర్థం, వాడుక, ఒక ఉదాహరణ.
నాకు మాటకింతని ఇస్తారు,
ఒక్క మాటంటే నష్టం నాకే.

స్వపక్షపాతం అని రాసి చూశాను.
గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మాట,
ఎవరి ఒంటికీ పట్టదు.
కొట్టేశాను.

మేడ మీద కుర్మయ్య తాపీ చప్పుడు.
రామ్మూర్తినగర్‌లో ముప్పై నలభై సైటు మాది,
గోడకీ గోడకీ మధ్య బల్లికి మాత్రమే దారి.
జూన్ వానలు దిగేలోపు డాబా గచ్చు తిరగెయ్యాలి.
టీ పట్టుకెళితే అడిగాడు:
"వాటం ఎటు దిక్కు పెట్టాలమ్మా?"
నేనేమన్నానో తర్వాత చెబుతాను.

వాటం.
మెట్లు దిగుతూ ఆ మాటని బుగ్గన పెట్టుకున్నాను.
గాలివాటం తెలుసు.
ఎడమచేతి వాటం మా చెల్లెలిది,
విస్తరి ముందు దెబ్బలు తిని మానుకుంది.
చేతివాటం మాత్రం
తాతయ్య కొట్లో గుమాస్తా మాణిక్యాలుది,
బెల్లం తూచిన ప్రతిసారీ
చిన్నముక్క దారి తప్పి అతని నోట్లోకి పోయేది.
గచ్చుకుంటే పనితనం,
చేతికుంటే దొంగతనం.

మరి మనసుకుంటే?
ఎదటివాడిదైతే స్వార్థం అంటాం.
మన గుమ్మం ఎక్కేసరికి అది జాగ్రత్త,
ముందుచూపు,
పిల్లల కోసం.
మరీ నిలదీస్తే "తనకు మాలిన ధర్మం" అని
సామెత సగంలో వదిలేసి
ఫ్యాను వైపు చూస్తాం.

ఆరో తరగతి పరీక్షలో
కింది పదాలకు సొంతవాక్యాలు రాయుము అన్నారు.
స్వార్థం: మా పక్కింటివాళ్ళకు స్వార్థం ఎక్కువ.
పంతులమ్మ రైటు కొట్టింది.
సొంతవాక్యమే,
అందులో నేనే లేను.

ఇక చెబుతాను, నేనన్నది ఇది:
"తూర్పుకి పెట్టు, కుర్మయ్యా."
తూర్పున గిరిజమ్మగారి గోడ.
"మన దిక్కు పైపున్నది గదమ్మా."
"అది మూసుకుపోయింది."
మూసుకుపోలేదు. దాని నీళ్ళు
మా కొత్త కారు మీద పడతాయి.
గచ్చు ఆరాక అతను జేబులోంచి
పచ్చగీత ఉన్న గోలీ తీసి నేల మీద పెట్టాడు.
అది కాసేపు ఆలోచించి
తూర్పుకి దొర్లింది.
కూలీ మీద ఐదొందలు ఎక్కువిచ్చాను.
ఎందుకని అడగలేదు,
లెక్కపెట్టుకోనూ లేదు.

మొన్న రాత్రంతా వాన.
పొద్దున గేటు దగ్గర గిరిజమ్మగారు, చేతిలో పిండిన గుడ్డ.
దేవుడి గది గోడ చెమర్చిందట,
ప్లంబర్ నంబరుందా అని కన్నడంలో అడిగారు.
ఇచ్చాను.
"పాత పైపులు కదండీ" అన్నాను, కన్నడంలోనే.
పరాయిభాషలో అబద్ధం
నాలిక మీద అంత బరువనిపించదు.
ఆవిడ నాకు దణ్ణం పెట్టి వెళ్ళారు.

పదకొండో పేజీ తెరిచి
తనవాటం అని కొట్టాను.
అలాంటి మాట లేదని
కంప్యూటరు ఎర్రగీత గీసింది.
ఉండనీ.
అర్థం రాశాను, వాడుక రాశాను.
ఉదాహరణ దగ్గర
"నేను" అని మొదలుపెట్టి
టీ పెట్టుకోడానికి లేచాను.

డాబా మీద కుర్మయ్య మరిచిపోయిన గోలీ
తూర్పు మూలనే ఉంది.
నిన్నటి నుంచి రెండుసార్లు
తెచ్చి మా వైపు పెట్టాను.