బూడిదిటుక

పాత బిల్డింగుల నా కొలువంతా స్విచ్చులే.
పొద్దుగాల పదింటికి నూటపన్నెండు స్విచ్చులు ఏసుడు,
ఐదింటికి ఆర్పుడు,
నడుమ ఏసీ కారే కాడ బకీటు పెట్టుడు.
ఇరవై ఆరేండ్లు.
బొటనవేలి గీతలు ఆ స్విచ్చులే తిన్నయి.

కొత్త బిల్డింగుకు తోలిన్రు.
"ఓదెలూ, ఇక్కడ నీ పని కిటికీలు"
అన్నది ఇంజినీరు తహసీన్ మేడం.
పొద్దుగూకినంక కప్పు కింది తూములు తెరువాలె,
హన్మకొండ గుట్టల మీది రాతిరి గాలిని లోపటికి రానియ్యాలె,
ఎండ గడప తొక్కకముందే మూయాలె.
"గంతేనా మేడం?"
"గంతే. మరిచిపోతే నిన్నెవరూ తిట్టరు,
క్లాసుల పిల్లలకు చెమటలు పడ్తయి."

కప్పు మీద తెల్లసున్నం కొడితే
కండ్లు జిగేలుమని కోతులు రెండ్రోజులు రాలే.
మూడోనాడు సోలార్ పలకల మీద కూసోని
హాస్టల్ పిల్లల పులిహోర పొట్లం విప్పినయి.
గోడకు తగిలించిన నమూనా బొమ్మల
చెట్లున్నయి, సైకిళ్లున్నయి,
కోతి ఒక్కటి లేదు.

తొలి వాన నీళ్లు పట్టొద్దట,
అవి కప్పు మొకం కడుక్కున్న నీళ్లు.
రెండో వాన నుంచే గుంతకు.
పైపుకు చెవి పెట్టి వింట నేను,
ఎన్ని మెట్లు దిగిందో చప్పుడే చెప్తది.

రోహిణి కార్తె. నలభై నాలుగు.
పరీక్ష హాల్ల పరకాల పిల్ల
జవాబు యాదికి రాక
నెత్తిని గోడకు ఆనించి కండ్లు మూసింది.
గోడ సల్లగున్నది.
గిలాబు లేని గోడ, ఉత్త ఇటుక, బూడిద రంగు.

"ఏం మట్టి మేడం ఇది?"
"మట్టి కాదు ఓదెలూ.
రామగుండంల బొగ్గు కాల్చంగ మిగిలిన బూడిద."

నా చెయ్యి గోడ మీదనే ఉండిపోయింది.

బాపు గోదావరిఖని బాయిల దిగెటోడు.
ఆయన తవ్విన బొగ్గు రామగుండం పొయ్యిలకు,
పొయ్యి నుంచి తీగెలకు,
తీగె కొసన నా స్విచ్చులు.
సెలవుకు పోతే దగ్గుకుంట అడిగెటోడు
"ఏం పని జేత్తున్నవురా?"
"లైట్లేత్తున్న బాపూ."
"ఎయ్యి బిడ్డా, ఎయ్యి" అని
తుండుగుడ్డల నల్లగ ఉమ్మెటోడు.

ఆయన పోయి పదకొండేండ్లు.

ఢిల్లీ నుంచి నలుగురు సార్లు వచ్చిన్రు,
కరెంటు ఎంత మిగిలిందో లెక్క గట్టిన్రు,
ఇత్తడి పలక బిగిచ్చి పోయిన్రు.
ఫ్యాను తిప్పనీకి కాలిన బొగ్గే
ఫ్యానక్కర లేని గోడైన సంగతి
ఆ పలక మీద లేదు. నేనూ చెప్పలే,
చాయ్ ఇచ్చిన.

ఇయ్యాల తెల్లారంగ తూములు మూసి
జర సేపు గోడకు చెంప ఆనించిన.
రాతిరంత తాగిన గాలి ఇంకా లోపలున్నది.
ఎనిమిదింటికి ఊడ్వ వచ్చిన సారక్క
చీపురు ఆపి నవ్వింది,
"మొకానికేందన్నా, గా బూడిద?"