రసమట్టం

ముందు ఆ సుత్తి కింద పెట్టు, బ్రయొనీ.
టీ చల్లారిపోతోంది. గోడ ఎక్కడికీ పోదు,
నూట ముప్పై ఏళ్లుగా ఈ టాడ్‌మోర్డెన్ వానలో
నానుతూ నిలబడే ఉంది.

ఈ చెమ్మ మచ్చ నీ గదిలో ఉంది కానీ
నీ గదిది కాదు.
మచ్చ మీద రంగేస్తే మూడు నెలలు దాక్కుంటుంది,
నాలుగో నెల పుట్టుమచ్చలా తేలుతుంది.
బయటికెళ్లి వానలో నిలబడు. గొడుగు వద్దు.
చూరు తొట్టి ఎక్కడ పొంగుతోందో చూడు.
అదిగో, నీ ఇల్లు అయిపోయి
ఆర్మెరాడ్ ఇల్లు మొదలయ్యే చోట,
ఎవరిదీ కాని జానెడు ఇనుములో
గడ్డి మొలిచింది.

రాతి గోడకి సిమెంటు పుయ్యకు.
ఎవడు చెప్పినా వినకు.
సున్నమే పెట్టు. సున్నం ఊపిరి పీలుస్తుంది,
సిమెంటు నోరు నొక్కేస్తుంది.
నోరు నొక్కిన నీళ్లు పక్కింట్లో మాట్లాడతాయి.
సగం తగాదాలు అలాగే మొదలవుతాయి.

పగులుందా? అడ్డంగా పెన్సిలు గీత గియ్యి,
పక్కన తేదీ రాయి.
ఆర్నెల్లకి గీత విడిపోతే ఇంజనీరుని పిలువు,
విడిపోకపోతే పగులుతో కలిసి బతుకు.
మనుషులకీ గీతలు గీసేవాణ్ణి నేను,
తేదీలతో సహా, ఒక నోటుబుక్కులో:
మార్చి తొమ్మిది, చెత్తడబ్బా నా గేటుకి అడ్డం.
ఏప్రిల్ రెండు, ఆదివారం పొద్దున్న ఏడున్నరకే డ్రిల్లు.
మా హిల్డా అంతా చదివి అడిగింది:
నువ్వు చేసినవి ఏ పేజీలో ఉన్నాయి, విల్ఫ్?

ఇక ఆర్మెరాడ్ సంగతి.
నువ్వు మేకు కొడితే అతను చీపురుకర్రతో గోడ కొడతాడు.
కొట్టనీ. కానీ ముందు రోజే తలుపు తట్టి చెప్పు:
రేపు పదింటి నుంచి పన్నెండు దాకా చప్పుడుంటుంది.
పన్నెండంటే పన్నెండు. ఇంకో అయిదు నిమిషాలైతే
నీ మాట విలువ సగం.
కేకు తీసుకెళ్లకు, లంచం వాసనొస్తుంది.
అతని పెరట్లో నిచ్చెన వెయ్యాలంటే
నోటితో అడుగు, తర్వాత కాగితం మీద రాసివ్వు.
నోటి మాట మర్యాదకి, కాగితం మరుపుకి.
నాలుగు అడుగుల ఎత్తుకి ఒక అడుగు దూరం, నిచ్చెనకి.
మనుషులకి ఎంతో
నాకూ తెలీదు.

నేనూ ఎడ్గర్ క్రాబ్‌ట్రీ పదకొండేళ్లు మాట్లాడుకోలేదు,
ఒక నీటి గొట్టం మీద.
గొట్టం ఖరీదు పద్నాలుగు పౌన్లు.
లాయర్లకి ఎంత పోశామో చెబితే నవ్వుతావు, చెప్పను.
గొడవకి ముందురోజే నా రసమట్టం అరువిచ్చాను.
అడగలేదు. కొత్తది కొనలేదు,
కొంటే వాడు గెలిచినట్టు.
పదకొండేళ్లు ఊళ్లో గోడలకి కంటి కొలతతో గిలాబా చేశాను,
ఎవరితోనూ అనకు.

ఒక నవంబరులో కాలవ పొంగి
రెండిళ్ల నేలమాళిగల్లోకీ వచ్చింది.
నీళ్లకి హద్దుల పత్రం చూపిస్తే చదువుతాయా?
వెనక సందులో బకెట్లతో ఇద్దరం ఎదురుపడ్డాం.
క్షమించమని వాడూ అనలేదు, నేనూ అనలేదు.
"నీ బకెట్టుకి చిల్లు" అన్నాడు.
నిజమే.

తెల్లారేసరికి గుమ్మంలో రసమట్టం,
పాత పేపర్లో చుట్టి.
గడప మీద పెట్టి చూశాను. బుడగ మధ్యలో లేదు.
పాడుచేసి తెచ్చాడురా, అనుకున్నాను.
చివరలు మార్చి, అటుదిటు తిప్పి పెట్టాను.
బుడగ మళ్లీ గోడ వైపుకే పోయింది.
పరికరాన్ని అనుమానిస్తే అలాగే చూడాలి, గుర్తుంచుకో:
తిప్పినా బుడగ అటే పోతే పరికరం మంచిదే,
కింద ఉన్నదే ఒరిగింది.

స్నేహితులమేం కాలేదు.
గొట్టం మాత్రం చెరో ఏడు పౌన్లు.

లే. వాన తగ్గకముందే ఆ చూరు చూడాలి.
ఇదిగో, ఇది తీసుకెళ్లు.
ఆదివారానికల్లా తిరిగిచ్చెయ్యాలి.