ఇరవై మూడో అంతస్తు గాలి

రోజుకి ఆరుసార్లు
నా ఇంటి ముందు నుంచే బస్సు నడుపుతాను.
ఇల్లంటే ఇంకా ఇల్లు కాదు.
ప్లైవుడ్ కంచె, కంచె వెనక గొయ్యి,
గొయ్యిలో రెండు చలికాలాల నీళ్లు.
నడిచి పోయేవాళ్లకి కంచె మీది బొమ్మే కనిపిస్తుంది:
బాల్కనీలో తెల్ల చొక్కా అమ్మాయి, చేతిలో కాఫీ,
ఆమె వెనక, హామిల్టన్‌లో ఎన్నడూ చూడనంత నీలంగా సరస్సు.
డ్రైవరు సీటు ఎత్తు నాది.
నాకు గొయ్యి కనిపిస్తుంది.

మొదటి ఉత్తరం మార్చిలో వచ్చింది.
ప్రియమైన ఇవోన్ మెదెయిరోస్ గారికి,
అనివార్య కారణాల వల్ల...
రెండోదాంట్లో నా పేరు తప్పు రాశారు.
మూడోదాంట్లో పేరే లేదు, 2307 అని మాత్రం ఉంది.
తేదీ ఉండాల్సిన చోట ఒక ఋతువు: శరత్కాలంలో అని.
ఏ సంవత్సరపు శరత్తో రాయలేదు.

గాలిలో మేడలు కట్టకు అంటారు కదా,
నేను కట్టలేదు, కొన్నాను.
నేలకి డెబ్భై మీటర్ల పైన
ఆరువందల పన్నెండు చదరపు అడుగుల గాలి,
పడమటి ముఖం, పార్కింగు లేదు.
నాలుగు వాయిదాల్లో కట్టాను.
మూడోది, నాన్న చేపల పడవ అమ్మినప్పుడు
నా వాటాకి వచ్చిన డబ్బు.

ఒక ఆదివారం మాస్కింగ్ టేపుతో
అద్దె ఇంటి నేల మీద ప్లాను గీశాను.
వంటగది గోడ మంచం కిందుగా పోయింది.
టేపు తొక్కకుండా నడవడం అలవాటైంది నాకు.
పిల్లి మాత్రం గోడల్లోంచే తిరుగుతుంది.

సోఫా ముందే కొన్నాను, తగ్గింపు ధరకి వస్తోందని.
బార్టన్ వీధిలో ఒక గిడ్డంగిలో ఉంది,
నెలకి తొంభై డాలర్ల అద్దె కట్టుకుంటూ.
మా ఇద్దరిలో ముందు చోటు దొరికింది దానికే.

2306 వుకెలిచ్ గారిది.
ఉక్కు మిల్లులో ముప్పై నాలుగేళ్లు చేసిన మనిషి.
కట్టని గోడకి అటు ఆయన, ఇటు నేను.
కంచె దగ్గర కలిస్తే అనేవారు,
"రాత్రి మీ టీవీ చప్పుడు మరీ ఎక్కువైంది."
"మీ గురక సంగతో?" అనేదాన్ని.

ఆ వడ్డీకే అప్పిస్తామన్న బ్యాంకు మాటకి
ఏప్రిల్‌తో గడువు తీరింది.
బిల్డరుకి ఫోన్ చేస్తే సంగీతం.
ఇప్పుడది నాకు నోటికొచ్చు,
స్టీరింగ్ మీద వేళ్లతో వాయించుకుంటాను.
చివర్లో ఒకమ్మాయి, ప్రతిసారీ కొత్త అమ్మాయి,
"మీ ఓపికకి ధన్యవాదాలు" అంటుంది.
ఓపిక కాదమ్మా అది,
వేరే దారి లేకపోవడం.

మే నెలలో వుకెలిచ్ గారు డబ్బు వెనక్కి తీసేసుకున్నారు.
"నాకు డెబ్భై ఆరు, ఇవోన్. లిఫ్టు వచ్చేసరికి..."
మిగతాది కంచెకి చెప్పి ఊరుకున్నారు.
ఆ రాత్రి టేపు గోడ అవతల
నిజంగానే ఎవరో ఖాళీ చేసి వెళ్లినట్టుంది.

నేనూ సంతకం పెట్టొచ్చు. కాగితం ఫ్రిజ్ మీదే ఉంది.
పెట్టిన మర్నాడే క్రేన్ వస్తే?
పెట్టకపోతే, నా డబ్బు ఏ గొయ్యిలో ఉన్నట్టు?
పొద్దున ఆలోచిద్దాం అనుకుంటాను.
పొద్దున షిఫ్టు నాలుగున్నరకి.

గొయ్యిలోకి బాతులు వచ్చాయి.
తుప్పు కడ్డీల మధ్య, తేలే చెక్క పలక మీద గూడు.
ఎవరికీ అడ్వాన్సు కట్టకుండా,
ఏ ఉత్తరమూ అందుకోకుండా
గృహప్రవేశం చేసేశాయి.
ఎర్ర లైటు పడినప్పుడల్లా చూస్తాను,
తల్లి బాతు కదలదు.

నిన్న మూడో ట్రిప్పులో కంచె తలుపు తెరిచి ఉంది.
పసుపు హెల్మెట్లు రెండు, ఒక పంపు, నల్లటి పైపు.
నీళ్లు తోడుతున్నారు.
పని మొదలైందో, స్థలం ఎవరికైనా అమ్ముడైందో
ఇద్దరు మనుషుల వీపులు చూస్తే తెలియదు.
మూడేళ్లుగా నేను కోరుకున్నది ఈ పంపు చప్పుడే.
పలక ఒక పక్కకి ఒరిగింది.
తల్లి బాతు మెడ సాచింది, లేవలేదు.

ఇంకో పది రోజులు ఆలస్యమైతే బాగుండునని
మొదటిసారి, నేనే, అనుకున్నాను.

వెనక కారువాడు హారన్ కొట్టాడు.
పచ్చ లైటు ఎప్పుడు పడిందో చూడలేదు.