పదిహేడో రాయి

మే నెలలో వెళ్ళాను కొలతకి.
అప్పటికి పులికాట్ తడ వైపు గట్టు వదిలేసి
మైలున్నర వెనక్కి పోయి ఉంది.
నేల నెర్రెలిచ్చి ఉప్పు తేలింది,
అడుగేస్తే చెప్పుల కింద అప్పడాల చప్పుడు.

చేతిలో కొత్త రోవరు. జేబులో పాత అలవాటు:
గీత గీసేటప్పుడు ఎవరి ముఖమూ చూడకపోవడం.

మ్యాపులో ఆకుపచ్చ పక్షులది,
పసుపు ఊరిది, ఊరు పెరిగితే దాని పిల్లలది.
రెంటికీ నడుమ గళ్ళగళ్ళగా ఒక ముక్క.
దానికి పేరు పెట్టడం
ఆఫీసులో ఎవరికీ చేతకాలేదు.

చిప్పలదిబ్బ ఆ గళ్ళలో ఉంది.
నలభై మూడు గడపలు, ఒక బోరింగు.
ఆ నీళ్ళతో పప్పు వండితే ఉప్పు అక్కర్లేదు.

నా గీత పోయి పోయి
మానికల పోలేరమ్మ ఇంట్లో దూరింది.
పొయ్యి పక్షుల వాటాకి, గడప ఊరి వాటాకి.
"అయితే అన్నం యాడ వొండుకునేది నాయినా,
కొంగల్నడిగి రమ్మంటావా?"
ఆమె నవ్వలేదు. నేను నవ్వాను, అదీ సగమే.

పక్కా ఇల్లు మంజూరై నాలుగేళ్ళు.
పునాది తవ్విన రోజే ఫారెస్టు వాళ్ళొచ్చి ఆపారు.
పిల్లర్లకు తెచ్చిన ఊచలు గుంటలోనే నిలబడి తుప్పు పట్టాయి.
ఇప్పుడు వాటి మీద వల ఆరేస్తుంది.

ఆ గుంట దగ్గర్నుంచి చూస్తే
హైవే పక్క వెంచరు కనబడుతుంది:
రంగు జెండాలు, సిమెంటు ఏనుగులు రెండు,
'సరస్సు కనిపించే స్థలాలు' అని ఆర్చి.
అదంతా ఎప్పుడో పసుపైపోయింది.
అందులో నూట అరవై గజాలు, తూర్పు ముఖం,
నాది. వాయిదాలు సగం కట్టాను.
ఆమెకి చెప్పలేదు.

బడి వరండాలో అభిప్రాయ సేకరణ.
నాగూరు అనే కుర్రాడు లేచి
రోడ్డు కావాలన్నాడు.
పోయినేడు వాళ్ళావిడ నొప్పులకి
పడవలో, బురదలో, మళ్ళీ మోతలో
ఆసుపత్రికి చేరేసరికి తెల్లారింది.
బిడ్డ సంగతి అతను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.
పక్షుల ఆఫీసరు మంచాయనే,
లెక్కలు చెబుతూ ఆ మాట విని ఆగిపోయాడు,
కాగితం తిరగేశాడు, మళ్ళీ మొదలుపెట్టలేకపోయాడు.

అప్పుడు పోలేరమ్మ నా వైపు తిరిగింది.
"రెక్కలోళ్ళు మాకు పగోళ్ళు కాదు సారూ.
వోళ్ళు దిగినాకనే మేం వల దించేది.
నువ్వు కొలిచింది మాత్రం ఎండు నీళ్ళని.
నిండు నీళ్ళు యాడికొస్తయ్యో
కార్తీకంలో రా, చూపిస్తా."

మినిట్స్‌లో ఆ మాటకి గడి లేదు.
'ఇతరములు' కింద రాశాను.

కార్తీకంలో సెలవు పెట్టి వెళ్ళాను.
మూడు రోజుల ముసురు, కాళంగి పొంగు.
నేను పాతించిన రాళ్ళ వరసలో
పద్నాలుగు దాకా తలలు కనబడ్డాయి,
పదిహేడో రాయి ఉన్న చోట ఒక సుడి.
నీళ్ళు పోలేరమ్మ గడపకి అయిదు గజాల అవతల
గీసినట్టు ఆగాయి.
"మా మామ మామ చిప్పలు పోసి కట్టిన దిబ్బ ఇది,
నీళ్ళనడిగే కట్టినాడు" అంది, బియ్యం కడుగుతూ.

మళ్ళీ వెనక్కి చూశాను.
ఆర్చి కింద నీళ్ళు. ఏనుగులకి కడుపు దాకా నీళ్ళు.
నా తూర్పు ముఖంలో
మోకాలి లోతున ఒక ఫ్లెమింగో,
ఒంటికాలి మీద,
రిజిస్ట్రేషన్ తొందరేమీ లేనట్టు.

సోమవారం నోటు రాశాను:
గీత మళ్ళీ గీయాలి, నిండు నీళ్ళని బట్టి,
దిబ్బకి ఇల్లూ రోడ్డూ ఇవ్వాలి,
పల్లం పల్లానికే వదలాలి.
నా ప్లాటు నంబరు కూడా రాశాను, కొట్టేశాను,
మళ్ళీ రాశాను.

ఫైలు పైకి పోయింది.
తిరుపతిలో ఏదో బల్ల మీద ఉందట.
ఈ లోపల మాఘం దాటింది, నీళ్ళు తీస్తున్నాయి.
పదిహేడో రాయి బయటపడింది,
నెత్తిన నాచు, నాచు మీద రెట్ట.

నిన్న నాగూరు ఫోన్ చేశాడు,
"సారూ, ఆ రాయికి పడవ కట్టుకోవచ్చా?"