వాటం

సొహార్‌లో శుక్రవారం రెండున్నర మాది.
అంతకుముందు మలయాళం వాళ్ళది,
నాలుగు దాటితే ఫిలిప్పీనో వాళ్ళది.
మధ్యలో గంటన్నర తెలుగు,
అందులో పది నిమిషాలు
చెప్పులు వెతుక్కోడానికే సరి.

శిఖరం లేదు, గంట లేదు.
రేకుల కప్పు, నాలుగు ఏసీలు, ఒకటి దగ్గుతుంది.
నేల ఉత్త సిమెంటు. పెచ్చులు లేచి
మోకాళ్ళూనిన ప్రతివాడి ప్యాంటుకీ
రెండు తెల్లటి చందమామలు అంటించి పంపేది.

నేను టైల్స్ మేస్త్రిని. నతానియేలు.
వారమంతా ఊళ్ళోవాళ్ళ నేలలు మట్టం చేస్తాను.
ఆఖరి రాయి పడిన మర్నాటి నుంచి
ఆ గడప నాది కాదు.
తప్పేముంది, పని అయిపోయింది కదా.

ఈస్టరుకి ముందు ఫాదర్ పిలిచి
"దీన్నేమైనా చెయ్యగలమా మేస్త్రీ" అన్నాడు.
చందా పెట్టెలో ఎనభై మూడు రియాళ్ళు,
నాలుగొందల బైసాలు.
దాంతో గమ్ము వస్తుంది, రాయి రాదు.

గోడౌన్లో మిగిలిన ముక్కలు అడిగాను అర్బాబుని.
"బండిలో పట్టినన్ని పట్టుకుపో" అన్నాడు,
గేటుపాసు మీద సంతకం కూడా తనే పెట్టాడు.
ఎనిమిది విల్లాల మిగులు:
ఇటలీ గోధుమరంగు, చైనా బూడిద,
ఎవరో డాక్టరుగారి స్నానాలగది నీలం,
ఆవగింజ చుక్కల తెలుపు నాలుగు పెట్టెలు.

నాలుగు శుక్రవారాలు, రాత్రి పాటలన్నీ అయిపోయాక
తెల్లారి క్యాంపు బస్సు హారను కొట్టేదాకా.
ఫోర్క్‌లిఫ్టు జక్కరయ్య గమ్ము కలిపాడు,
అట్లపిండిలా జారుగా కలిపి తిట్లు తిన్నాడు.
మలయాళం వర్గీసు, పిలవకుండానే వచ్చి,
అతుకుల్లో తెల్లపొడి నింపాడు.
వెల్డరు ఇమ్మానుయేలు దగ్గే ఏసీ విప్పి
వెనక పిచ్చుక గూడు చూసి మళ్ళీ బిగించేశాడు.
"పిల్లలు ఎగిరాక చూద్దాంలే."

ఐదో శుక్రవారం దీనమ్మ వచ్చింది.
ఆవిడకి నెలకొక్క శుక్రవారమే సెలవు.
గుమ్మంలో ఆగిపోయింది.
"ఇది మా మామా వంటిల్లు" అంది.
నవ్వాం. ఆవిడ నవ్వలేదు.
"రెండేళ్ళుగా తుడుస్తున్నాను, నాకు తెలీదా!
కుంకుమపువ్వు నీళ్ళు పడితే
నిమ్మచెక్కతో రుద్దితే గాని పోదు."
ఆ వంటిల్లు పరిచింది నేనే.
ఆవిడ రోజూ తుడిచేది నా అతుకుల్నే.
ఒకే రాయి మీద వంగున్నాం ఇద్దరం,
నేను ముందు, ఆవిడ తర్వాత,
మొహాలు చూసుకోకుండా.

"దీని మీద ఎప్పుడూ కూర్చోలేదు నేను."
చున్నీ సర్దుకుని
చుక్కల తెలుపు నడిమధ్యన
బాసింపట్టు వేసుకుని కూర్చుంది.
సువార్తకి అందరం లేచాం. ఆవిడ లేవలేదు.
ఫాదర్ చూసీ చూడనట్టు చదువుకుపోయాడు.

ఒక తప్పు ఒప్పుకోవాలి.
నీళ్ళ వాటం గుమ్మం వైపు పెట్టాలి,
మొదటిరోజు కూలీకైనా తెలిసిన సంగతి.
నాలుగో రాత్రి నిద్రమత్తులో
రసమట్టంలో బుడగ
రెండు గీతల మధ్యా ఉందనే అనిపించింది.
ఇప్పుడు బకెట్టు నీళ్ళు పోస్తే
బయటికి పోవు,
మెల్లగా పీఠం వైపు నడుస్తాయి.
ఆవేళ జక్కరయ్య టీ ఒలకబోసి, కడగబోయి
గుట్టు బయటపెట్టాడు.

"పగలగొట్టి మళ్ళీ వేస్తాను ఫాదర్" అన్నాను.
ఆయన నోరు తెరిచేలోపు
దీనమ్మ తుడుపుకర్ర లాక్కుంది.
"ఎటు పారితే ఏం, తుడిచేది మేమేగా!"
రెండడుగులు వేసింది.
ఆగి, కర్రని గోడకి ఆనించి,
"ఇవాళ మాత్రం కాదు" అంది.

ఎవరం కదల్లేదు.
నీళ్ళు గోధుమరంగు దాటి, బూడిద దాటి
పీఠం మొదటి మెట్టు తాకి ఆగాయి.
ఏసీ దగ్గింది, లోపల పిల్లలు కిచకిచలాడాయి.
బయట గిటార్లు శృతి చేసుకుంటున్నారు.
నాలుగైంది.
చెప్పులు వెతుక్కోవాలి.